ఖురీసు జాడీలో నురగ

మా వాడలో మనిషిని తాగుబోతు అంటే నవ్వుతాడు. దొంగ అంటే తిరగబడతాడు. ఫేణి సారాలో కుంకుడు కలిపాడు అంటే మాత్రం తల ఎత్తలేడు, ఎందుకంటే ఆ తర్వాత అతను చెప్పేది వినడానికి ఎవరూ మిగలరు. నన్ను ఆ మాట అన్నారు. అన్నది బయటివాడు కాదు. నా కూతురి జ్ఞానస్నానం రోజున దాన్ని చేతుల్లో ఎత్తుకుని, దాని తరఫున దేవుడికి మాట ఇచ్చిన ఎల్తేర్. మాలో అలాంటివాడిని కుంపార్ అంటాం. సొంత తమ్ముడి మీద చెయ్యి చేసుకున్నా ఊరుకుంటారు గాని కుంపార్ మీద నోరు చేసుకుంటే పాద్రి కూడా మొహం తిప్పుకుంటాడు. ఆ మర్యాద నేను ఇన్నేళ్ళూ పాటించాను. వాడు అవసరం పడిన ఒక్క పూట కూడా పాటించలేదు.

కొండ మీద జీడిమామిడి పళ్ళు రాలడం మొదలైన దగ్గర నుంచి తొలకరి దాకా మా పొయ్యిలు ఆరవు. పళ్ళు తొక్కి రసం తీస్తాం. అది పులిశాక రాగి బానలో పోసి, మూతి చుట్టూ పుట్టమన్ను మెత్తి, కింద మంట పెడతాం. ఆవిరి గొట్టంలో పడిపోయి, నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టిన కడవలో చల్లబడి చుక్కలు చుక్కలుగా దిగుతుంది. మొదటిసారి వచ్చేది ఉర్రాక్. ఎండాకాలం దాహానికి తాగేది, నిలవ ఉండదు. ఆ ఉర్రాక్‌లో పులిసిన రసం కలిపి రెండోసారి కాస్తే దిగేది ఫేణి. బానలో చూస్తే అంతా ఒకటే నీళ్ళు. మంట తగిలాకే రెండు ప్రాణాలు బయటపడతాయి. సారా ముందు లేస్తుంది, నీళ్ళు వెనక లేస్తాయి. మంట దూకుడుగా పెడితే రెండూ కలిసి లేచి అంతా పాడవుతుంది. ముందు లేచేదాన్ని నెమ్మదిగా లేవనిచ్చి, వెనకది లేచేలోగా కడవ మార్చెయ్యాలి. బడి మధ్యలో మానేసి మా నాన్న పక్కన కూర్చుని నేను నేర్చుకున్నది ఈ ఒక్కటే.

ఫేణి అన్న పేరే నురగ నుంచి వచ్చింది. కొబ్బరి చిప్పతో తీసి ఎత్తు నుంచి గ్లాసులోకి ధార పోస్తే అంచు చుట్టూ బుడగలు ముత్యాల్లా కూర్చోవాలి. కాసేపు నిలిచి ఒకటొకటిగా పోవాలి. నీళ్ళు ఎక్కువైతే బుడగ నిలవదు, ఘాటు మరీ ఎక్కువైనా నిలవదు. దాన్ని ఝర్ చూడటం అంటాం. పట్నం హోటళ్ళకి అమ్మే మోసగాళ్ళు నీళ్ళు కలిపేసి, బుడగ నిలవడానికి కుంకుడు రసం పిండుతారని విన్నాం. మా వాడలో ఆ పని చేసినవాడు లేడు.

మే నెలలో వాడ చివరన ఉన్న తెల్ల సిలువ దగ్గర పండగ చేస్తాం, దాన్ని మేం ఖురీసు అంటాం. సారా కాచే ప్రతి భట్టీవాడూ ఒక కొలత ఫేణి తెచ్చి ఒకే జాడీలో పోస్తాడు. ఆకుపచ్చ గాజుది, పెద్ద పొట్ట, సన్నటి మెడ. అందరూ పోశాక మట్టం దగ్గర ఎర్రదారం కడతాం, పండగ లోపల ఎవరూ గుక్కెడు లాగకుండా. పండగ సాయంత్రం లదీన్ పాడతాం, అంటే మరియమ్మ స్తుతులు. పాట అయ్యాక వాడలో అందరికంటే పెద్దవాడు, మేం తీవ్ అంటే బాబాయ్ అని పిలిచే ఇనాస్, జాడీలో పోసిన ఇళ్ళ పేర్లు చెప్పి, ఆ ఇంట్లో పోయినవాళ్ళని పేరు పెట్టి పిలుస్తాడు. ప్రతి పేరుకీ వాడంతా కలిసి ఒక మరియమ్మ జపం చెబుతుంది. ఆ తర్వాతే ఉడికించిన శనగలు, ఆ తర్వాతే గ్లాసు.

ఆ ఏడు నాకు పండగ ముఖ్యం కాదు, ఆ పిలుపు ముఖ్యం. మా నాన్న సాల్వాదోర్ అంతకు ముందు వానాకాలంలో పోయాడు. ఖురీసు ముందు ఆయన పేరు మొదటిసారి పిలవాల్సిన ఏడు అది. పోయేముందు ఆస్తి గురించి ఒక్క మాట అనలేదు, ఉంటేగా. “ఖురీసు దగ్గర నన్ను సరిగ్గా పిలవమను. ఇనాస్‌గాడు పళ్ళూడాక సగం పేర్లు మింగేస్తున్నాడు” అన్నాడు. అంతే. అందుకని ఆ ఏడు నేను కాచినవాటన్నిట్లోకీ మంచి ఫేణి తీసి పక్కన పెట్టాను. అమ్మమని అడిగినవాళ్ళకి కూడా ఇవ్వలేదు.

పండగకి రెండు రోజుల ముందు రుచి చూడ్డానికి ఎల్తేర్ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ఎల్తేర్‌కి రోడ్డు మలుపులో బారు ఉంది, వెనక భట్టీ ఉంది. ఆ ఏడు పండగ పెద్ద వాడే, అందుకని జాడీ వాడి ఇంట్లోనే ఉంది. మొదటిసారి పెద్దరికం వచ్చిన సంతోషంలో ఇంటికి సున్నం కూడా వేయించాడు. జాడీ అరుగు మీద అద్దంలా మెరుస్తోంది. ఇనాస్ తీవ్ చిప్ప ఎత్తి గ్లాసులోకి ధార పోశాడు. బుడగలు లేచాయి. లేచి అలాగే కూర్చున్నాయి.

“ఇదేందిరా, పోవటం లేదు” అన్నాడు ఇనాస్ తీవ్.

“మంచిదేగా తీవ్. నీకంటే ఎక్కువ కాలం ఉండేట్టున్నాయి” అన్నాడు గాస్పార్. వాడిదీ ఒక భట్టీ. చావింట్లో కూడా ఏదో ఒకటి అనకుండా ఉండలేడు.

“నోరు ముయ్యి. ఫేణి బుడగ పేరంటానికి వచ్చినట్టు వచ్చి కాసేపు కూర్చుని లేచిపోవాలి. ఇవి ఇల్లరికపు అల్లుళ్ళలా దిగబడ్డాయి.” ముసలాయన ఒక గుక్క నోట్లో పోసుకుని నాలికతో అటూ ఇటూ తిప్పాడు. “చేదు తగులుతోంది. వెనకాల, అడుగున ఎక్కడో.”

అందరి నోళ్ళలోకీ ఒకే మాట వచ్చి ఆగింది. దాన్ని బయటికి అన్నవాడు ఎల్తేర్.

“కుంకుడు. ఎవరి పెరట్లో చెట్టుందో నేను చెప్పక్కర్లేదు.”

“ఎవర్ని అంటున్నావ్ కుంపార్?” అన్నాను.

“నేనెవర్నీ అనలేదే. చెట్టు సంగతి చెప్పా.”

“ఆ చెట్టు కాయలతోనే వాడంతా తల రుద్దుకుంటోంది. నీ పెళ్ళాం జుట్టు సహా.”

“తలకి రుద్దుకుంటే తప్పులేదు. తలకెక్కేదాంట్లో కలిపితేనే తప్పు.”

నవ్వారు. అక్కడ కూర్చున్నవాళ్ళంతా మా నాన్న శవపేటికకి భుజం పట్టినవాళ్ళే. నవ్వారు.

“కుంకుడు ఊరికే ఎవడు కలుపుతాడు? నీళ్ళు కలిపినవాడు కలుపుతాడు” అని ఎల్తేర్ లెక్క వివరించాడు, బడిలో పంతుల్లాగా. “అందరికంటే చివర పోసింది నువ్వు, బోస్త్యావ్. నువ్వు పోశాకే దారం కట్టాం.”

“మా నాన్న పేరు పిలిచే ఏడు నేను నీళ్ళు పోస్తానా?”

“అందుకేనయ్యా. ఇంట్లో చావు, కొండ మీద కాపు తక్కువ. మనిషన్నాక చెయ్యి జారుద్ది. మేం అర్థం చేసుకోలేమా?”

తిట్టి ఉంటే భరించేవాణ్ణి. ఆ అర్థం చేసుకోవడం దగ్గరే నా ఒళ్ళు మండిపోయింది. నేరం మోపిన నోటితోనే క్షమించి కూడా పారేశాడు, మధ్యలో నేను చేశానా లేదా అని అడిగే పని లేకుండా.

“ఇనాస్ తీవ్, నువ్వు చెప్పు” అన్నాను. “నా చేతి ఫేణి ఎన్నేళ్ళుగా తాగుతున్నావ్?”

ముసలాయన గ్లాసులో బుడగల వైపే చూస్తూ, “నాకేం తెలుసురా. నాలిక చేదంటోంది, అంతవరకే” అన్నాడు.

“సరే, గొడవెందుకు” అన్నాడు ఎల్తేర్. “ఈ జాడీ పక్కన పెడదాం. పండగకి నా బారులోంచి సీసాలు తెప్పిస్తా. బోస్త్యావ్ కొలత లేనట్టు. కొలత లేని ఇంటి పేరు ఖురీసు దగ్గర పిలవరు. అది నేను పెట్టిన పద్ధతి కాదు, మన పెద్దలు పెట్టింది.”

వాడి భార్య రెజీన్ బాయ్ నల్ల టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది. మొగుడి వైపు చూసింది, ఏదో అనబోయింది. ఎల్తేర్ గడ్డంతో లోపలికి పొమ్మని సైగ చేశాడు. టీ ఎవరికీ అందలేదు.

ఇంటికి వచ్చి గోడకి చెప్పినట్టు అంతా చెప్పాను. నా భార్య పిదాద్ చేప శుభ్రం చేస్తూ విన్నది. విని, “కలిపావా?” అంది.

“నువ్వు కూడానా?”

“వాడంతా అనుకుంటున్నదాన్ని నేను నోరు తెరిచి అడిగా. అది కూడా తప్పేనా? లేదను, లేదంటే లేదు. నాకు చాలు.”

“లేదు.”

“మరి నామీద అరుస్తావేంటి? నేనా అన్నది? వాళ్ళ మీద అరిచినా నమ్మరు, అరిచేవాడే దొంగంటారు. పొయ్యి ఉంది, బాన ఉంది. నోటితో పనేంటి నీకు?”

చేప పొలుసు ఆమె చెంప మీద అంటుకుని ఉంది. దాన్ని వేలితో తీసేశాను. తర్వాత నాకే సిగ్గేసింది, ఇంత మామూలు సంగతి నాకు తట్టనందుకు.

పొద్దున్నే ఇనాస్ తీవ్ ఇంటికి వెళ్ళాను. ఆయన భట్టీ మానేసి చాలా కాలమైంది గాని బాన ఇంకా అటక మీద ఉంది.

“జాడీలోదంతా మళ్ళీ కాద్దాం తీవ్. నా బానలో కాస్తే నేను మాయ చేశానంటారు. ఎల్తేర్ బానలో అంటే నేను ఒప్పుకోను. నీ బాన దించు.”

“కాస్తే ఏం తేలుద్ది?”

“సారా పైకి వస్తుంది. కుంకుడు పైకి రాదు, అడుగున ఉండిపోతుంది. వచ్చిన సారాని అదే జాడీలో పోద్దాం. ఝర్ సరిగ్గా నిలిచేదాకా మంచినీళ్ళు చిప్పచిప్పగా నువ్వే కలుపు. మట్టం ఎర్రదారం దాకా వస్తే జాడీలో ఉండాల్సిన సారా అంతా ఉన్నట్టు, ఎవరూ నీళ్ళు కలపనట్టు. దారం కిందే ఎక్కడో ఆగిపోతే ఎవరో కలిపినట్టు. అప్పుడు నన్ను దొంగను, పడతాను.”

ముసలాయన బోడి చిగుళ్ళు నమిలాడు. “మూడోసారి కాస్తే వాసన పోతుందిరా. పండు వాసన లేని ఫేణి ఆస్పత్రి మందులా ఉంటది.”

“నా పేరే పోయింది. నువ్వు వాసన గురించి ఏడుస్తున్నావ్.”

బాన దించాడు. వాడంతా వచ్చింది. తమాషాకి వచ్చినట్టు వచ్చారు, పిల్లల్ని చంకనేసుకుని. ఎల్తేర్ మాత్రం రుసరుసలాడుతూ వచ్చాడు.

“పండగ ఫేణిని తీసుకుపోయి పొయ్యిమీద పెడతారా? పాపం కాదూ?”

“నిన్న కుంకుడు నీళ్ళన్నావ్, ఇవాళ పండగ ఫేణి అయిందా?” అన్నాడు గాస్పార్. “తెల్లారేలోగా ఎన్ని పుణ్యాలు చేసింది అది?”

బాన సగమే నింపాను. కుంకుడు ఉన్న నీళ్ళు కాగితే పొంగుతాయి, పొంగితే నురగ గొట్టంలోకి ఎగబాకుతుంది. మూతికి పుట్టమన్ను మెత్తి, అరచెయ్యి వెచ్చబడేంత మంట పెట్టాను. కడవ మీద నీళ్ళు పోస్తూ గాస్పార్ కూర్చున్నాడు. మొదట దిగిన దోసెడు పారబోశాను, అది తాగితే తల పగిలే సరుకు. తర్వాత సన్నగా, తెల్లగా, దారంలా దిగడం మొదలైంది. నాకు ఊపిరి వచ్చింది.

“ఇట్లా అయితే వచ్చే పండగకి దిగుద్ది” అంటూ ఎల్తేర్ నా పక్కన కూలబడ్డాడు. నేను కడవ వైపు తిరిగి చూస్తుండగా రెండు చేతులతో కొబ్బరి డొక్కలు పొయ్యిలోకి తోశాడు. డొక్కలు భగ్గుమన్నాయి. బానలో గురగుర లేచింది. నేను కట్టె లాగేలోపలే గొట్టంలోంచి గోధుమరంగు నురగ కక్కుకుంటూ కడవలో పడింది.

“అదిగో చూడండి” అన్నాడు ఎల్తేర్ నిలబడి. “కాచినా నురగే. వీడి సారాకి నురగ తప్ప ఏమీ లేదు.”

“నువ్వు భట్టీవాడివేనా?” అన్నాను. “ఊర్లో ఎవరికైనా తెలియదనుకుంటున్నావా, కుంకుడు మీద అంత మంట పెట్టరని?”

“నేను సాయం చేశా.”

“చేతులు కట్టుకుని సాయం చెయ్యి కుంపార్” అన్నాడు గాస్పార్. “ఇంకెప్పుడైనా మంట పెట్టడం నీకు ఇష్టమైతే నీ బారుకి పెట్టుకో.”

ఇనాస్ తీవ్ తన చేతికర్రని ఎల్తేర్‌కీ పొయ్యికీ మధ్య అడ్డంగా పెట్టి కూర్చున్నాడు. కడవలో పడినదంతా మళ్ళీ బానలో పోసి, గొట్టం కడిగి, మూతి కొత్తగా మెత్తి, మొదటి నుంచి మొదలుపెట్టాను. కోపం ఇంకా దిగలేదు. మా నాన్న మంట ముందు ఎప్పుడూ కోపం రాని మనిషి. కోపంగా ఉన్నవాడు కట్టె ఎక్కువ పెడతాడు అనేవాడు. అందుకని కట్టెలు పెట్టే పని పిదాద్‌కి ఇచ్చాను. ఆమె ఒక్కొక్క పుల్లే పెట్టింది, పసిపిల్లకి అన్నం పెట్టినట్టు.

రెండు విడతలుగా అంతా కాచేసరికి ఎండ నడినెత్తి దాటింది. కడవలోది నాలిక మీద పెడితే చల్లటి సూదిలా గుచ్చుకుంది. ఆ సూది మొద్దుబారి నీళ్ళ రుచి తగిలిన చోట కడవ మార్చాను. వెనక దిగిన పలచటిది కూడా పారెయ్యకుండా తర్వాతి విడతలో కలిపాను. ఒక్క చుక్క సారా కింద ఉండిపోయినా నా మెడకే చుట్టుకుంటుంది.

కడిగిన జాడీలో సారా అంతా పోశాం. దారానికి బాగా కిందే ఆగింది. ఎల్తేర్ దగ్గాడు. ఇనాస్ తీవ్ చిప్పతో నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. పోసి, కలిపి, గ్లాసులోకి ధార తీసి చూశాడు. బుడగలు పెద్దవిగా లేచి టప్పున పగిలాయి. ఇంకా ఘాటు. ఇంకో చిప్ప. మళ్ళీ ధార. పిల్లలు కూడా అల్లరి మానేశారు. మట్టం పొట్ట దాటింది, మెడ వైపు ఎక్కింది. ఒక్కో చిప్పకీ మా నాన్న నాకు ఒక అడుగు దగ్గరికి వస్తున్నట్టు అనిపించింది.

చివరికి బుడగలు అంచు చుట్టూ కూర్చున్నాయి. కాసేపు ఉండి, ఒకటొకటిగా లేచిపోయాయి.

“ఇది ఫేణి” అన్నాడు ఇనాస్ తీవ్.

మట్టం ఎర్రదారానికి వేలెడు తక్కువలో నిలిచింది.

“ఆ వేలెడు ఏమైంది?” అన్నాడు ఎల్తేర్.

“మొదటి దోసెడు నేల తాగింది, మిగతాది రాగి తాగిందిరా. ప్రతి కాపుకీ తన వాటా తాను తీసుకుంటుంది. నీ బాన ఏమన్నా ఉపవాసం ఉంటదా?” ముసలాయన కర్ర పట్టుకుని లేచాడు. “నీళ్ళు ఎవరూ కలపలేదు. ఒక్కడు కూడా. వినపడిందా అందరికీ?”

వినపడింది. కాని ఎవరూ నా వైపు చూడలేదు. బాన వైపు చూశారు. గాస్పార్ మూత తీసి, అడుగున మిగిలినదాన్ని దోసిట్లోకి తీసి రుద్దాడు. నురగ వచ్చింది. నాలికకి తాకించి ఉమ్మాడు.

“కుంకుడే. ఇది అర్థం కాలేదు నాకు. నీళ్ళు కలపనివాడు కుంకుడు ఎందుకు పిండాడు? ఇంత పిచ్చివాడు మనలో ఎవడు?”

“వాడు కాదు, పిచ్చిది” అంది రెజీన్ బాయ్.

ఆడవాళ్ళ వెనక, జీడి చెట్టు మొదట్లో నిలబడి ఉంది. చేతిలో కొంగు నలుపుతోంది.

“లోపలికి నడు” అన్నాడు ఎల్తేర్.

“ఇది మన ఇల్లు కాదు, లోపలికి పోవటానికి” అంది ఆమె. తర్వాత నాతో, “కుంపార్, జాడీ కడిగింది నేను. ఎప్పుడూ బూడిదతో తోముతారు, బూడిదతో తోమితే మెరవదు. మొదటిసారి పెద్దరికం, మా పుట్టింటివాళ్ళు వస్తున్నారు. పిదాద్ దగ్గర తెచ్చుకున్న కుంకుళ్ళు ఉంటే నానేసి లోపల పోసి రాత్రంతా ఉంచా. బావిలో నీళ్ళు అడుగంటాయి. రెండుసార్లు తొలిచి వదిలేశా. ఇరుకు మెడ, అడుగున ఉండిపోయినట్టుంది.”

“నిన్నే చెప్పొచ్చుగా రెజీన్” అంది పిదాద్.

“చెప్పా. మీరంతా అరుగు దిగి వెళ్ళిన వెంటనే ఆయనకి చెప్పా. పండగ పెద్ద ఇంట్లో జాడీ కడగటం రాదని నవ్వుతారు, నోరు మూసుకో అన్నాడు.”

నాకు అప్పటిదాకా కోపం అంటే ఏమిటో తెలుసనుకున్నాను. తెలియదు. వాడు తప్పుగా అనుకుని అన్నాడనుకున్నాను, మూర్ఖుడనుకున్నాను. అసలు సంగతి తెలిసి కూడా రాత్రంతా హాయిగా నిద్రపోయాడు. తెలిసే కొబ్బరి డొక్కలు తోశాడు. తన ఇంట్లో జాడీ సరిగ్గా కడగలేదన్న మాట రాకుండా ఉండటానికి మా నాన్నకి జపం లేకుండా చేద్దామనుకున్నాడు. ఒక నవ్వుకి ఒక చావు మూల్యం.

“సరే, పొరపాటైంది” అన్నాడు ఎల్తేర్, చేతులు దులుపుకుంటూ. “ఆడదాని చేతి పని. దానికోసం మగవాళ్ళం కొట్టుకుంటామా? నీ కొలత లెక్కలోకి వచ్చింది, పేరు పిలిపిస్తా. అయిపోయింది.”

“కడగటం ఆవిడ పొరపాటు. నోరు మూయించటం నీది. అరుగు మీద అన్న మాట రేపు ఖురీసు దగ్గర, అదే గొంతుతో, వెనక్కి తీసుకో. బోస్త్యావ్ కలపలేదు, నాకు తెలిసి కూడా దాచాను అను.”

“పేరు పిలుస్తామంటున్నాగా. ఇంకేం కావాలి నీకు, దండ వెయ్యాలా?”

అప్పుడు వాడంతటికీ నోళ్ళు వచ్చాయి. పోనీలే బోస్త్యావ్ అన్నారు. పండగ పూట అన్నారు. ఎల్తేర్ నీ కుంపార్ కదా అన్నారు. అరుగు మీద నన్ను చూసి నవ్వినప్పుడు అది పండగ పూట కాదు, వాడు నా కుంపార్ కాదు. నా మీద బురద పడేటప్పుడు చల్లగా చూసినవాళ్ళు, కడుక్కుంటానంటే నీళ్ళు వృథా అంటున్నారు. గాస్పార్ కూడా తల గోక్కుంటూ, “పందెం నువ్వే గెలిచావ్, ఇంక వదిలెయ్ రాదూ” అన్నాడు.

“నేను పందెం ఆడలేదు” అని ఇంటికి వచ్చేశాను.

మర్నాడు సాయంత్రం వెళ్ళాను. వెళ్ళకపోతే సిగ్గుపడి రాలేదంటారు. ఖురీసుకి బంతిపూల దండలు వేశారు, కొవ్వొత్తులు వెలిగించారు. లదీన్ పాడారు. ఇనాస్ తీవ్ గొంతు ఆ రోజు బాగానే లేచింది. పాట అయ్యాక అందరూ మోకాళ్ళ మీదే ఉన్నారు, పేర్ల కోసం. పండగ పెద్ద ఇల్లు ముందు రావాలి. తర్వాత భట్టీల వరస. ఎల్తేర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో ఉన్నాడు.

ఇనాస్ తీవ్ కాసేపు కళ్ళు మూసుకున్నాడు. “ఈ ఏడు జాడీని మళ్ళీ కాశాం” అన్నాడు. “ఇప్పుడు అందులో ఎవరి కొలతా విడిగా లేదు, అంతా ఒకటే. అందుకని పేర్లు వద్దు. మన వాడలో పోయినవాళ్ళందరికీ కలిపి ఒక మరియమ్మ జపం చెప్పుకుందాం.”

చెప్పారు. ఊపిరి వదిలి మరీ చెప్పారు. ఎవరి పేరూ పిలవకపోతే ఎవరికీ అన్యాయం జరగనట్టు. ముసలాయన మంచి తెలివి చేశాడు. మా ఇల్లు పిలిస్తే మొదట ఎందుకు తీసేశారో చెప్పాలి, ఎల్తేర్ ఇల్లు ముందు పిలిస్తే నేను లేస్తాను. అందుకని అందరి చచ్చినవాళ్ళనీ ఒకే బానలో పోసేశాడు. సారాని నీళ్ళ నుంచి నేను విడదీయగలను. గాస్పార్ సారాని ఎల్తేర్ సారా నుంచి విడదీయడం ఎవరి వల్లా కాదు. ఆ సంగతి వెనక వెళ్ళి దాక్కున్నాడు ముసలాయన. నా ఫేణి స్వచ్ఛమని తేలింది, దాంతో మా నాన్నకి పేరు లేకుండా పోయింది.

జనం మోకాళ్ళు దులుపుకుంటూ లేవబోయారు. శనగల గిన్నె మూత తీసిన చప్పుడు వినపడింది.

“సాల్వాదోర్” అన్నాను.

నేను లేచి నిలబడి ఉన్నానని అప్పుడే గమనించాను. లేవబోయినవాళ్ళు సగంలో ఆగారు.

“సాల్వాదోర్. మా నాన్న. మీకందరికీ భట్టీ పెట్టడం నేర్పినవాడు.”

ఎవరూ కదల్లేదు. పేరు పిలవాల్సింది ఇనాస్ తీవ్, నేను కాదు. పద్ధతి తప్పింది. కొవ్వొత్తి ఒకటి ఆరిపోయింది. ఇంక ఎవరూ పలకరని, నేనొక్కడినే చెప్పుకుని వెళ్ళిపోదామని నోరు తెరిచాను. ఈలోగా వెనక ఆడవాళ్ళ వైపు నుంచి రెజీన్ బాయ్ జపం మొదలుపెట్టింది. పిదాద్ అందుకుంది. తర్వాత గాస్పార్ మోకాళ్ళ మీదికి దబ్బున దిగాడు. మొదలైన జపాన్ని మధ్యలో వదిలితే పోయినవాడి నడక దారిలో ఆగిపోతుందని మా నమ్మకం. ఒక్కొక్కరూ అందుకోక తప్పలేదు. ఎల్తేర్ పెదాలు కూడా కదిలాయి. నేను అది చూశాను.

నాది అయిపోగానే గాస్పార్ తన తల్లిని పిలిచాడు. ఆ తర్వాత ఇంకొకరు చిన్నప్పుడే పోయిన చెల్లెల్ని. ఎవరికి వాళ్ళు పిలుచుకున్నారు, జాడీలో కొలత పోయనివాళ్ళు కూడా. ఏ భట్టీ లేని విధవ ఒకామె మొగుడిని, కొడుకుని పిలిచింది. ఆమె నోటంట ఆ పేర్లు ఖురీసు ముందు వినపడటం అదే మొదలు. ఇనాస్ తీవ్‌కి పని లేకుండా పోయింది, ఆయన కూడా అందరితో పాటు బదులు చెప్పాడు. శనగలు చల్లారిపోయాయి.

చివర ఎల్తేర్ ఒక్కడే మిగిలాడు. వాడి నాన్న పేరు ఎవరూ అనలేదు. అందరం ఆగాం. వాడు నా వైపు చూడకుండా, చాలా చిన్న గొంతుతో పిలిచాడు. అంత చిన్న గొంతు వాడికి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

నేను పలకకుండా ఉండొచ్చు. కాని ఆ ముసలాయన నాకేం చెడు చెయ్యలేదు. ఆయనకి జపం చెప్పాను. గ్లాసు పంచడం మొదలుపెట్టగానే పిదాద్‌ని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేశాను. ఫేణి బాగుందని మర్నాడు అన్నారు. వాసన మాత్రం లేదన్నారు.